ఇచ్ఛాపూర్‌లో నాలుగు రోజుల పుట్టిల్లు

సూరత్ వెళ్లొచ్చి ఒక్క చీర కూడా తేలేదంటే మా డిపోలో ఎవరూ నమ్మడం లేదు. నేను ఇరవై రెండేళ్లుగా బస్సు కండక్టర్‌ని. నిలబడి ప్రయాణం చేయడమే అలవాటైనదాన్ని, టికెట్ కొనుక్కుని, కూర్చుని, రాష్ట్రం దాటి వెళ్లడం ఇదే మొదటిసారి. అందరూ చీరల బజారు ఎట్లా ఉందని అడుగుతున్నారు. ఆ బజారును నేను ఆటోలోంచి చూశాను, అంతే. వారం రోజులున్న ఊళ్లో నేను బాగా చూసింది ఒక పెరడు. అందుకని దాని గురించే రాస్తున్నాను.

వెళ్లిన పని ఇదీ. లావణ్య మా మరిది కూతురు. సిరిసిల్లలో మరమగ్గాల ఇంట్లో పుట్టింది. ఐదేళ్ల కిందట సూరత్‌లో స్థిరపడిన మనవాళ్లింటికి కోడలుగా వెళ్లింది. తల్లి లేదు. పెళ్లయిన ఐదో ఏడు కాబట్టి ఒడిబియ్యం పోయాలి. తెలియనివాళ్లకు చెప్తున్నాను: మా వైపు కొన్నేళ్లకోసారి పుట్టింటివాళ్లు ఆడపిల్లను పిలిపించుకుని, కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసి అత్తవారింటికి పంపుతారు. పిల్లే మన గడపకు రావడం పద్ధతి. కానీ ఈసారి లావణ్య అత్త భూదమ్మ ఫోన్ చేసి, "నువ్వే వచ్చి ఈడ్నే పొయ్యి వదినె" అంది. మా మరిదికి చూపు ఆనదు, అంత దూరం రాలేడు. పెద్దమ్మను కాబట్టి నేను బయల్దేరాను. ఎక్కినవాళ్లను ఎక్కడికని అడుగుతాను గానీ ఎందుకని అడగడం నా ఉద్యోగంలో లేదు. భూదమ్మనూ అడగలేదు.

రైల్లో పసుపు

నా సంచిలో బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, రెండు చీరలు. పసుపు ప్యాకెట్ నాగ్‌పూర్ వైపు ఎక్కడో పగిలింది. నా సంచి కింద ఉన్న బ్యాగు ఎదుటి సీటాయనది. ఆయన పేరు వెంకటి, సూరత్ లింబాయత్‌లో మగ్గాల మేస్త్రీ, జమ్మికుంట మనిషి. బ్యాగు తెరిస్తే తెల్లచొక్కాలు రెండు పెళ్లికొడుకు బట్టల్లా తయారయ్యాయి. నేను క్షమాపణ చెప్పబోతే నవ్వేశాడు. "మా ఆవిడకేం జెప్పాల్నో అదొక్కటి జెప్పక్కా" అన్నాడు.

లింబాయత్‌లో ఉంటే సూరత్‌లో ఉన్నట్టే ఉండదట. కిరాణా మనవాళ్లదే, బోనాలు మనవే, పంచాయితీలు కూడా మనవే. "మీ బిడ్డ ఏ గల్లీల ఉంటది?" అని అడిగాడు. ఇచ్ఛాపూర్ అన్నాను. లావణ్య భర్త అనిల్ మగ్గం పని మానేసి, హజీరాలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఫిట్టర్‌గా చేరాడు. డ్యూటీకి దగ్గరని ఎనిమిది నెలల కిందట లింబాయత్ నుంచి ఇల్లు మార్చారు. వెంకటి "ఇచ్ఛాపూర్ల మనోళ్లెవరుంటరక్కా?" అన్నాడు. అతని దగ్గర ఇంకో పులిహోర పొట్లం ఉంటే నాకిచ్చాడు.

ఆరు గదుల వరస

స్టేషన్ బయట అనిల్ ఉన్నాడు. పొట్టిగా, మర్యాదగా, అవసరానికి మించి మాట్లాడని మనిషి. నాకు ఆకలిగా ఉందని గ్రహించి లోచో తినిపించాడు. శనగపప్పు రుబ్బి ఆవిరిలో ఉడికించి, నూనె, సేవ్ అనే సన్న కారప్పూస చల్లి ఇస్తారు. చూడ్డానికి ఇడ్లీ గిన్నెలోంచి తీసేటప్పుడు చెదిరినట్టుంటుంది, రుచి మాత్రం చాలా బాగుంది. ప్లేటు నలభై రూపాయలు. గుజరాతీలు పప్పులో బెల్లం వేస్తారని తెలియక, మర్నాడు ఇంటి యజమానురాలు పంపిన పప్పును పాయసమనుకుని ముందు అదే తాగాను.

ఇచ్ఛాపూర్ ఊరి చివర ఒక పెరడు. ముందు ఇంటి యజమానురాలు దక్షాబెన్ ఇల్లు, వెనక ఆమె కిరాయికిచ్చే ఆరు గదులు. బీహార్ వాళ్లు, ఒడిశా వాళ్లు, ఒక గదిలో మనవాళ్లు. రోడ్డు మీద రోజంతా ట్రక్కులు. పెరట్లోకి వస్తే దక్షాబెన్ ఆరబెట్టిన అప్పడాలు, మధ్యలో ఒక నల్లా, దాని చుట్టూ బకెట్లు. గదుల్లో మాంసం వండకూడదని నియమం. మందు ఈ రాష్ట్రంలోనే దొరకదని అందరూ చెప్పారు. సాయంత్రం మూడో గది ముందు నుంచి నడిస్తే వాసన మాత్రం దొరికింది.

లావణ్య గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది, కాళ్లకు నీళ్లిచ్చింది, "మంచిగున్నవా పెద్దమ్మా" అంది. అన్నీ సరిగ్గానే చేసింది. కానీ తల దువ్వి ఎన్ని రోజులైందో తెలియదు. మూడేళ్లు నిండని కూతురు అక్షర ఒళ్లోకెక్కితే చేతులు దాని చుట్టూ వేయలేదు, పక్కన పెట్టుకుంది. తోమిన గిన్నెనే మళ్లీ తోమింది. బస్సులో ఇలాంటివాళ్లను చూస్తుంటాను. దిగాల్సిన స్టాపు దాటిపోయినా తెలియకుండా కూర్చుని ఉంటారు.

"నిద్ర పడుతుందా బిడ్డా?" అన్నాను.

"పడ్తది" అంది. పడదని కళ్ల కింద చూస్తేనే తెలుస్తోంది.

పక్క గది బీహార్ అమ్మాయి వచ్చి పలకరించింది. లావణ్య రెండు ముక్కల్లో జవాబిచ్చింది. లావణ్యకు కూరగాయల హిందీ వచ్చు, కష్టం చెప్పుకునే హిందీ రాదు. తెలుగులో మాట్లాడేవాళ్లు ఇంట్లో ఇద్దరు. ఒకరు పొద్దున ఆరింటికి కంపెనీ బస్సెక్కుతాడు. ఇంకొకరు భూదమ్మ, వారానికి మూడు రోజులు రెండు బస్సులు మారి లింబాయత్ పోతుంది, పాత చుట్టాల దగ్గర కూర్చుని వస్తుంది.

కంపెనీ బస్సు ఆగేచోటు

మర్నాడు పొద్దున్నే భూదమ్మ నన్ను టీకి పిలుచుకుపోయింది. హజీరా బస్సులు వరసగా వచ్చి మనుషుల్ని ఎక్కించుకుని పోతున్నాయి. ఒక్క బస్సుకూ కండక్టర్ లేడు. టికెట్ లేని ప్రయాణమని మెచ్చుకోబోయాను. మా దగ్గర ఆడవాళ్లకు ఉచిత ప్రయాణపు జీరో టికెట్ కొట్టి కొట్టి నా వేళ్లు అరిగాయి, వీళ్లకు అది కూడా లేదు.

భూదమ్మ టీ ముందు పెట్టుకుని అసలు సంగతి చెప్పింది.

"పోయిన నెల పిల్లనెత్తుకోని మొగన్ని బస్సెక్కియ్య గిక్కడికే వచ్చింది వదినె. ఇంటికి ఉత్త చేతుల్తోని వచ్చింది. పిల్లేదే అంటె నా మొఖం జూసింది. నేను ఉరికొచ్చేవరకు గీ చాయ్ హోటలామె ఎత్తుకోని నిలవడ్డది. ట్రక్కులు ఎట్ల పోతున్నయో నువ్వే చూస్తున్నవు గద."

నేను ట్రక్కుల వైపు చూశాను.

"ఒడిబియ్యం పోసి నీ ఎంబడి తోల్కపో. పిల్లను నేను సాదుకుంట."

"మల్ల ఎప్పుడు తోలియ్యాలె?"

భూదమ్మ సాసర్లో టీ పోసుకుని ఊదుకుంటూ కూర్చుంది. అంటే నన్ను పిలిచింది ఒడిబియ్యం పోయడానికి కాదు, లావణ్యను తీసుకుపోవడానికి. నాకు కోపం వచ్చింది. కోపం కన్నా ముందు భయం వేసింది, ఎందుకంటే ఆమె చెప్పింది అబద్ధం కాదు.

ఆ మధ్యాహ్నం లావణ్య బట్టలు ఆరేస్తూ తనంతట తనే అంది: "నన్ను తోల్కపోయెతందుకు వచ్చినవని ఎర్కే పెద్దమ్మా."

"నువ్వు వస్తవా మరి?"

అక్షర గౌను దులిపి తీగ మీద వేస్తూ అంది: "అక్షర లేకుంటె నేను బతుకుతనో లేదో. అక్షర నా కాడుంటె అది బతుకుతదో లేదో. ఏది మంచిదో నువ్వే జెప్పు." ఏడవలేదు. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. నేను క్లిప్పులు అందించాను.

కిరాయి లేని ఇల్లు

ఆ సాయంత్రం అందరి ముందూ నేను అడ్డం తిరిగాను. జవాబు తెలియకపోయినా ఆచారం తెలుసు. "ఒడిబియ్యం పోసుకున్న పిల్ల అత్తగారింటికి పోవాలె గని, పుట్టింటోళ్ల ఎంబడి రైలెక్కుతదా? నేనెక్కడ చూళ్లే" అన్నాను. భూదమ్మ నోములూ వ్రతాలూ పట్టింపుగా చేసే మనిషి. ఆగిపోయింది. నేను ఇంకోటి తగిలించాను: "అసలు అత్తగారింట్ల కూసొబెట్టి ఎవలన్న పోస్తరా? పుట్టిల్లు గావాలె."

నిజం చెప్పాలంటే రెండు రోజులు గడువు దొరుకుతుందని అన్నాను. అనిల్ తల పట్టుకుని, "ఇచ్ఛాపూర్ల పుట్టిల్లు యాడికెల్లి తేవాలె పెద్దమ్మా?" అన్నాడు.

దక్షాబెన్ నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటోంది. అరవై దాటిన మనిషి, భర్త లేడు, గొంతు మాత్రం పెరడంతా వినపడుతుంది. ఏమిటీ గొడవని అనిల్‌ను గుజరాతీలో అడిగింది. అతను చెప్పాడు. "పియర్?" అంది. వాళ్ల భాషలో పుట్టిల్లు. వాళ్లలోనూ ఆడపిల్లలకు పియర్ నుంచి చీరసారెలు వస్తాయట. బకెట్ కింద పెట్టి తన ఇంటివైపు చెయ్యి చూపించింది. "మారా ఘర్‌మా కరో నే." మా ఇంట్లో చేసుకోండి అని.

అనిల్ లెక్క మనిషి. ముందుగదికి ఒకపూట కిరాయి ఎంతివ్వాలో అడిగాడు. ఆమె అతన్ని పదిమంది ముందూ తిట్టింది. "పియర్ కా కిరాయా హోతా హై క్యా?" పుట్టింటికి కిరాయి ఉంటుందా అని ఆమె హిందీలో అడిగిన ఆ మాట నాకు అనువాదం లేకుండానే అర్థమైంది.

గురువారం

లింబాయత్ నుంచి భూదమ్మ స్నేహితురాళ్లు ముగ్గురు వచ్చారు. పక్కగది బీహార్ అమ్మాయి, నేను. ఐదుగురు ముత్తైదువలం అయ్యాం. దక్షాబెన్ ముందుగది మధ్యలో ఊయల ఉంటుంది, గుజరాతీ ఇళ్లలో అది తప్పనిసరి. దాన్ని గోడకు కట్టేసి కింద పీట వేశారు. ఇల్లిచ్చిన మనిషి మాత్రం తనంతట తనే వంటింట్లోకి వెళ్లి నిలబడింది. భర్త లేని మనిషిని తన ఇంట్లోనే పక్కకు పొమ్మనే ఆచారం మాకూ ఉంది, వాళ్లకూ ఉంది. అది నాకు నచ్చలేదు, కానీ ఆ రోజు ఒక్క గొడవ చాలనుకున్నాను.

లావణ్యకు తలస్నానం చేయించి జడ నేనే వేశాను. చిక్కు తీయడానికి గంట పట్టింది. కొత్త చీర కట్టుకుని పీట మీద కూర్చుంది. బీహార్ అమ్మాయి దోసిలి ఎలా పట్టాలో మమ్మల్ని చూసి నేర్చుకుని మాకంటే శ్రద్ధగా పోసింది. అంతా అయ్యాక, ఇక లేచి అత్తగారింటికి నడవాలని చెప్పాం. అత్తగారిల్లంటే పెరటికి అటువైపు.

లావణ్య లేవలేదు.

"లెవ్వు బిడ్డా" అంది లింబాయత్ పెద్దామె.

"ఇయ్యాల్నే పంపుతరా?" అంది లావణ్య. నేను వచ్చాక ఆమె గొంతు అంత గట్టిగా వినడం అదే మొదలు. "పుట్టింటికొచ్చిన. ఒక్క దినమన్న ఉంచుకోరా?"

భూదమ్మే ముందు తేరుకుంది. "పదడుగుల అవుతల ఇల్లు పెట్టుకోని ఇదేం కత?" అంది. దక్షాబెన్ వంటింటి గుమ్మంలోంచి చూసి, ఏం జరిగిందో బీహార్ అమ్మాయిని అడిగి తెలుసుకుంది. పుట్టింటికొచ్చిన పిల్లను పూట గడవకముందే పంపడం ఏ దేశంలో ఉందని గుజరాతీలో గట్టిగానే అంది. లోపలికెళ్లి పరుపు తెచ్చి పరిచింది. లావణ్య ఒడిలో బియ్యం మూటగట్టి తలదిక్కున పెట్టుకుని, కొత్త చీరతోనే పడుకుంది.

పగలు పదకొండు గంటలకు పడుకున్నది మర్నాడు పొద్దున దాకా లేవలేదు. మధ్యలో రెండుసార్లు ఊపిరి చూశాను. మా డిపోకు ఫోన్ చేసి సెలవు పొడిగించమన్నాను. ఎందుకని అడిగితే మా పిల్ల పడుకుందని చెప్పాను.

శుక్రవారం దక్షాబెన్ జొన్న రొట్టె కొట్టింది. దాన్ని వాళ్లు 'రోట్లో' అంటారు. మందం తప్ప మన రొట్టే. లావణ్య ఒకటిన్నర తిన్నది. అక్షర పెరడు దాటి వచ్చి, తల్లి పక్కన కాసేపు ఆడుకుని, నాయనమ్మ పిలిస్తే వెళ్లింది.

డాక్టరమ్మ

లింబాయత్ ఆడవాళ్లే చెప్పారు, సిటీలో ఒక తెలుగు డాక్టరమ్మ ఉందని, మనసుకు వైద్యం చేస్తుందని. భూదమ్మ "పిచ్చి డాక్టరా?" అని గయ్యిమంది. ఎప్పుడూ తల్లికి ఎదురుచెప్పని అనిల్, "రేపు డ్యూటీకి పోత లేను, అందరం పోతున్నం" అన్నాడు.

డాక్టరమ్మ చిన్న వయసుది, గుంటూరు వైపు మాట. మమ్మల్నందరినీ బయటికి పంపి తలుపేసింది. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నలభై నిమిషాలు మాత్రం పట్టింది. బయట బల్ల మీద భూదమ్మ నా పక్కన కూర్చుని, కొంగుతో మొహం విసురుకుంటూ ఉన్నట్టుండి మొదలుపెట్టింది.

"నేను సూరత్ వచ్చినప్పుడు నాకు పదిహేడేండ్లు వదినె. మగ్గాల షెడ్డు మీదనే మేముండే అర్ర. ఏడాది ఏడ్సిన. నన్నెవలు తోల్కపోయిండ్రు దవఖానకు?"

"మరెట్ల తగ్గింది?"

"పక్కింటి రాజవ్వ రోజు నా కాడ కూసుండేది. ఏం మాట్లాడకపోయేది. బీడీలు జేసుకుంట కూసుండేది." కొంగు దులిపి భుజాన వేసుకుని అంది: "గిక్కడికొచ్చినంక నాకే తోస్తలేదు. గందుకే లింబాయత్ ఉరుకుత. కోడల్నిడ్సి ఉరుకుత."

ఆ రోజు దాకా భూదమ్మంటే నాకు చిరాకు. ఆ బల్ల మీద కూర్చున్నాక చిరాకు పడటానికి మనసొప్పలేదు.

డాక్టరమ్మ అందరినీ లోపలికి పిలిచింది. "ఇది జబ్బండీ. బద్ధకం కాదు, మొండితనం కాదు, గాలి సోకడం అంతకన్నా కాదు. కాన్పయిన దగ్గర్నుంచీ కొంచెం ఉన్నట్టుంది, తెలిసినవాళ్లకు దూరంగా వచ్చేసరికి ఎక్కువైంది. మందులిస్తున్నాను. వారంలో తగ్గిపోదు, నెలలు పడుతుంది. అప్పటిదాకా పాపతో తనను ఒంటరిగా ఉంచొద్దు. అలాగని పాపను దూరం చేయొద్దు."

"రెండు ఒక్కపారే ఎట్లయితయమ్మా?" అంది భూదమ్మ.

"పక్కన ఒక మనిషి ఉంటే అవుతాయండీ."

తిరిగొచ్చేటప్పుడు దారిలో పోంక్ అమ్ముతున్నారు. చలికాలంలో లేత జొన్న కంకులు కాల్చి నూర్చిన గింజలు, పైన సేవ్, నిమ్మరసం. మన ఊసబియ్యమే, మన దగ్గర చేనుగట్టు మీద ఊరికే పెడతారు, ఇక్కడ పావుకిలో తూకం వేసి బంగారం ధర చెప్పారు. అయినా కొన్నాను. లావణ్య నాలుగు గింజలు నోట్లో వేసుకుని, "బాపు కాల్చినట్టు లేవు" అంది. రుచి తెలిసినందుకు సంతోషించాను.

ఆదివారం

నా రైలు మధ్యాహ్నం. లావణ్యను ఏం చేయాలో అప్పటికీ ఎవరూ బయటికి అనలేదు. అనిల్ తల్లి మొహం చూస్తున్నాడు, తల్లి నల్లా వైపు చూస్తోంది. పిల్లను వదిలి నా వెంట రావాలా, ఇక్కడే ఉండాలా అన్నది తేలకుండానే నేను సంచి సర్దుకున్నాను. చివరికి లావణ్యే లేచింది. స్నానం చేసి, చీర కట్టుకుని, మూట విప్పి బియ్యం మళ్లీ ఒడిలో పోయమంది.

"యాడికి పోతవ్ బిడ్డా?" అన్నాను.

"ఇంటికి" అంది. ఏ ఇల్లో నాకు వెంటనే అర్థం కాలేదు.

దక్షాబెన్ ఈసారి వంటింట్లోకి పోలేదు. తనే బొట్టు పెట్టింది, ఎవరూ కాదనలేదు. లావణ్య రెండు చేతులతో ఒడి పట్టుకుని పెరట్లోకి దిగింది. ఎదురుగా గడప లోపల భూదమ్మ కాళ్లకు నీళ్లు పోయడానికి చెంబుతో నిలబడి ఉంది, వెనక అక్షర ఆమె కొంగు పట్టుకుని చూస్తోంది. గదుల వాళ్లంతా బయటికొచ్చారు.

నల్లా దాటాక లావణ్య ఆగిపోయింది. వెనక్కి తిరిగి నా దగ్గరికి వస్తుందనే అనుకున్నాను. తిరగలేదు. అక్కడే నిలబడి, అందరికీ వినపడేలా అత్తతో అంది:

"అత్తమ్మా, నాకు భయమైతుంది. పిల్లను నా ఒక్కదాని కాడ ఇడ్సిపోకు. నన్ను గూడ ఒక్కదాన్ని ఇడ్సిపోకు."

కోడలు ఒడిబియ్యంతో వచ్చేటప్పుడు అత్త గడప దాటి ఎదురు రాకూడదు. భూదమ్మకు నాకన్నా బాగా తెలుసు. చెంబు కింద పెట్టి, అక్షరను చంకనేసుకుని, గడప దాటి పెరట్లోకి వచ్చి లావణ్య భుజం పట్టుకుంది.

"ఇడ్వ" అంది. "ఇగ లింబాయత్ గూడ నిన్నిడ్సి పోను. నడు."

పుట్టింటివాళ్లం వెంట వెళ్లకూడదు కాబట్టి నేను నల్లా దగ్గరే నిలబడ్డాను. ముగ్గురూ లోపలికి వెళ్లారు.